చీకటి విమానాలు, నిద్ర లెక్కలు

రాయికల్ నుంచి దుబాయి పోయే మనిషి ఇల్లు కదిలేది చాలాసార్లు పగటిపూటే. జగిత్యాల, కరీంనగర్ మీదుగా శంషాబాద్‌కు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. మోటరు మాట్లాడుకుని, సాగనంపే వాళ్లు ఇద్దరు ముగ్గురు ఎక్కి, దారిలో ఎక్కడో ఓ చోట అన్నం తిని చేరేసరికి పొద్దు పోతుంది. విమానం మాత్రం ఏ అర్ధరాత్రో, తెల్లవారుజామునో ఉంటుంది. తిరిగొచ్చే వాళ్లదీ అంతే. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఎక్కడికి పోయి అడిగినా, శంషాబాద్‌లో దిగింది ఇంకా తెల్లవారకముందేనని చెప్పే వాళ్లే ఎక్కువ. ఎందుకట్లా అని ఎవరూ అడగరు. ఆ వేళకే టికెట్ చౌక అని మాత్రం అందరికీ తెలుసు.

కారణం ఆ చౌకలోనే ఉంది. మన దేశంలో తక్కువ ధర విమాన సంస్థలు చాలా విమానాలను కొనుక్కోవు, అద్దెకు తెచ్చుకుంటాయి. ఎగిరినా ఎగరకపోయినా అద్దె కట్టాల్సిందే. అందుకే పగలంతా ఢిల్లీ, ముంబై, బెంగళూరు అంటూ దేశంలో తిప్పిన ఎయిర్‌బస్ ఏ320నే రాత్రికి గల్ఫ్‌కు పంపి, పొద్దున మొదటి దేశీయ సర్వీసుకు అందేలా వెనక్కి రప్పిస్తారు. విమానానికి నిద్ర అక్కర్లేదు. దాన్ని నడిపే ఇద్దరికి కావాలి. ఎంత కావాలి, ఎప్పుడు కావాలి, ఇవ్వకపోతే ఏమవుతుంది అన్న లెక్క మీదే 2024 నుంచి మన దేశంలో పైలట్లకు, విమాన సంస్థలకు, ప్రభుత్వానికి మధ్య పోరు నడిచింది. 2025 డిసెంబర్‌లో అది విమానాశ్రయాల నేల మీద పడుకున్న జనం రూపంలో బయటపడింది. ఆ పోరులో రాయికల్ పేరు ఎవరూ ఎత్తలేదు. కానీ పైలట్ల డ్యూటీ నిబంధనలు గురిపెట్టిన గంటలు సరిగ్గా గల్ఫ్ విమానాలు తిరిగే గంటలే.

2024 జనవరి 8న డీజీసీఏ, అంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ, పైలట్ల డ్యూటీ గంటల నిబంధనలను మార్చింది. వారానికి వరుసగా 36 గంటలున్న విశ్రాంతి 48 గంటలైంది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఐదు దాకా అన్న లెక్కను ఆరు దాకా పొడిగించారు. ఆ వేళను తాకే డ్యూటీలో పైలట్ ఎనిమిది గంటలకు మించి విమానం నడపకూడదు, మొత్తం డ్యూటీ పది గంటలు దాటకూడదు. అంతకుముందు ఆరు ల్యాండింగుల దాకా చేయించుకునే వీలుండేది, అవి రెండుకు తగ్గాయి. అలసట గురించి పైలట్లు ఇచ్చే ఫిర్యాదుల మీద, వాటికి తీసుకున్న చర్యల మీద విమాన సంస్థలు మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలన్నారు.

దీన్ని దుబాయి ప్రయాణానికి అన్వయించి చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయికి పోను నాలుగు గంటల పైచిల్లర, రాను కొంచెం తక్కువ. పైలట్ బయలుదేరే గంట ముందే హాజరు కావాలి. అక్కడ దింపి, శుభ్రం చేసి, ఇక్కడికి వచ్చే వాళ్లను ఎక్కించుకోవడానికి మరో గంట. అన్నీ కలిపితే పది గంటలు అంచున నిలబడతాయి. ఎక్కడైనా అరగంట ఆలస్యమైతే లెక్క తప్పుతుంది. రియాద్, జెద్దా అయితే ఆ మాటే లేదు, అదే జట్టు రాత్రికి రాత్రి పోయి రావడం కుదరదు. అక్కడ హోటల్‌లో పడుకోబెట్టాలి, లేదా అదనపు పైలట్లను ఎక్కించాలి. ఏది చేసినా ఖర్చే. నిబంధన మీద విమాన సంస్థలు ఎందుకంత గట్టిగా ఎదురు తిరిగాయో ఈ చిన్న కూడికతోనే అర్థమవుతుంది.

మనిషి ఒంట్లో ఓ గడియారం ఉంటుంది. అది తెల్లవారుజాము రెండు నుంచి ఆరు మధ్య అన్నిటికంటే మందంగా నడుస్తుంది. ఒంటి వేడి తగ్గుతుంది, చేతులు నెమ్మదిస్తాయి, కళ్లు తెరిచి ఉన్నా కొన్ని క్షణాలు మెదడు జారిపోతుంది. పగలు ఎంత పడుకున్నా ఈ పడిపోవడం పూర్తిగా ఆగదు. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇద్దరు నేచర్ పత్రికలో ఒక చిన్న ప్రయోగ ఫలితం ప్రచురించారు. పదిహేడు గంటలు మేల్కొన్న మనిషి చేతి పని, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితో సమానంగా ఉంది. మన మోటారు వాహనాల చట్టంలో బండి నడిపేవాడికి అనుమతించే మద్యం 0.03 శాతమే. పైలట్‌కు అయితే సున్నా. డ్యూటీకి వచ్చిన పైలట్ నోటి గాలిని పరీక్షించే యంత్రం విమానాశ్రయాల్లో ఉంది, తప్పితే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. నిద్రలేమిని పట్టుకునే యంత్రం ఎక్కడా లేదు. ఉన్నవల్లా ఈ గంటల నిబంధనలే, వాటినే వాయిదా వేస్తూ వచ్చారు.

సిరిసిల్ల వాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటల రాత్రి పాళీ చేసినవాడికి తెల్లవారుజామున పోగు తెగినప్పుడు చేయి ఎంత ఆలస్యంగా లేస్తుందో తెలుసు. అక్కడ బట్ట పాడవుతుంది, కూలి కోత పడుతుంది. విమానంలో పాడయ్యేది వేరే.

అది మంగళూరులో జరిగింది. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం, ఐఎక్స్ 812, కొండ మీది రన్‌వే చివర దాటి లోయలో పడి కాలిపోయింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బయటపడ్డారు. పోయిన వాళ్లలో చాలామంది గల్ఫ్‌లో పనిచేసే వాళ్లు, వాళ్ల పిల్లలు. అదే జట్టు ముందు రాత్రి మంగళూరు నుంచి దుబాయికి విమానం నడిపి, అక్కడ రాత్రి బస లేకుండానే వెనక్కి తిప్పింది. కమాండర్ పదివేల గంటలకు పైగా విమానం నడిపినవాడు. ఎయిర్ మార్షల్ గోఖలే నాయకత్వంలో జరిగిన విచారణ నల్లపెట్టెలోని శబ్దాలు విన్నది. సుమారు గంటా నలభై నిమిషాలు కమాండర్ నిద్రపోయాడని తేల్చింది. గురక కూడా రికార్డయింది. లేచాక చూస్తే విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువ. పక్కనున్న కోపైలట్ మళ్లీ పైకి లేపమని, గో అరౌండ్ అని, మూడుసార్లు అన్నాడు. కమాండర్ దింపడానికే చూశాడు. విమానం రన్‌వేలో సగానికి పైగా దాటాకే నేలను తాకింది.

నిద్ర లేచిన వెంటనే మెదడు పూర్తిగా పనిలోకి రాదు, కొంతసేపు మొద్దుబారి ఉంటుంది. విచారణ నివేదిక ఆ మాట కూడా రాసింది. ఇక్కడ మంగళూరు కథలో చాలామంది వదిలేసే మెలిక ఒకటుంది. ఆ కమాండర్ సెలవు మీద ఊరెళ్లి వచ్చినవాడే. డ్యూటీ గంటల కాగితం చూస్తే తప్పు కనపడదు. అంటే, అంతకుముందు ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకున్నాడన్నది సగం లెక్క, ఏ గంటల్లో మేల్కొని ఉన్నాడన్నది మిగతా సగం. 2024 నిబంధన రాత్రి వేళను, రాత్రి ల్యాండింగులను ప్రత్యేకంగా పట్టుకోవడానికి కారణం ఇదే. విశ్రాంతి పెంచితే సరిపోదా, రాత్రి మీద ఇన్ని ఆంక్షలెందుకు అనే వాళ్లకు నా జవాబు మంగళూరే.

అయితే మంగళూరు నాటికి అమల్లో ఉన్న నిబంధన ఏది? 1992 నాటి సర్క్యులర్. మధ్యలో కొత్తది రాలేదా అంటే వచ్చింది. 2007 జూలైలో డీజీసీఏ పైలట్ల విశ్రాంతి పెంచుతూ నిబంధనలు జారీ చేసింది. పైలట్ల కొరత ఉంది, విమానాలు ఆగిపోతాయి అని సంస్థలు మొర పెట్టుకున్నాయి. 2008 మే నెలలో ఆ నిబంధనలను పక్కన పెట్టారు, పాత సర్క్యులరే మళ్లీ దిక్కయింది. పైలట్ల సంఘాలు బొంబాయి హైకోర్టుకు వెళ్లాయి, ఓడిపోయాయి. సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2011 మే నెలలో అక్కడా అప్పీళ్లు కొట్టేశారు. కేసు కింది కోర్టు నుంచి పై కోర్టుకు పోతున్న ఆ కాలంలోనే మంగళూరు జరిగింది. 2011 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చాయి. 2007 నిబంధన అమలై ఉంటే ఆ విమానం పడేది కాదని నేను అనను. అట్లా తేల్చడం ఎవరి వల్లా కాదు. కానీ అలసట గురించి దేశానికి ముందే తెలుసు, రాసి పెట్టుకుంది కూడా, తర్వాత దాన్ని అల్మారాలో పెట్టింది. అంతవరకు రికార్డులో ఉంది.

మరో పదేళ్లకు, 2020 ఆగస్టు 7న, మళ్లీ దుబాయి విమానమే కోజికోడ్‌లో వానలో రన్‌వే దాటి పడింది. 21 మంది పోయారు. అక్కడ నిద్ర సమస్య కాదు. కానీ ప్రమాద దర్యాప్తు నివేదికలో పైలట్ల రోస్టర్ గురించి ఒక వివరం ఉంది. కోజికోడ్ కేంద్రంలో ఇరవై ఆరుగురు ఫస్ట్ ఆఫీసర్లుండగా కెప్టెన్ ఒక్కరే ఉన్నారు. ప్రమాదానికి గురైన విమానం నడిపిన కెప్టెన్‌కు మర్నాడు పొద్దున అక్కడి నుంచే మరో విమానం ఉంది. వేరే ఊరికి మళ్లిస్తే రేపటి విమానం నడిపేవాడు ఉండడు. ఆ ఒత్తిడి అతని నిర్ణయం మీద పడి ఉండవచ్చని నివేదిక అభిప్రాయపడింది. మనుషులను తక్కువ పెట్టుకుని పని ఎక్కువ చేయించుకునే పద్ధతి కాక్‌పిట్‌లో ఏ రూపం ఎత్తుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే కాగితం నేను చదవలేదు.

మన దగ్గర ప్రమాదం జరగ్గానే ఎవరు నడిపారన్న ప్రశ్నే ముందు వస్తుంది. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద జగిత్యాల డిపో బస్సు పడి అరవై మందికి పైగా చనిపోయినప్పుడూ అంతే. డ్రైవర్ కూడా ఆ బస్సులోనే పోయాడు. వందకు చేరువగా జనాన్ని ఎక్కించుకుని ఆ దారిలో బస్సు ఎందుకు నడిచింది, ఎవరు నడపమన్నారు అన్న ప్రశ్నలు డిపో దాకా పోవడానికి కొంత సమయం పట్టింది. పైలట్లు తమ సంఘాల ద్వారా అడుగుతున్నదీ ఇదే: రేపు ఏదైనా అయితే పేరు మాది వస్తుంది, రోస్టర్ రాసినవాడిది రాదు. ఈ మాటలో స్వార్థం ఉంది, న్యాయమూ ఉంది.

మళ్లీ 2024కు వద్దాం. కొత్త నిబంధనలు ఆ ఏడు జూన్ 1 నుంచి అమలు కావాలి. మార్చి 22న డ్యూటీ గంటలు, అలసట నియంత్రణలో లోపాలకు ఎయిర్ ఇండియాకు డీజీసీఏ 80 లక్షల రూపాయల జరిమానా వేసింది. నాలుగు రోజులు తిరక్కముందే, మార్చి 26న, అసలు నిబంధనల అమలునే నిలిపివేసింది. 2008లో చూసిన నాటకమే మళ్లీ ఆడారని పైలట్లు మండిపడ్డారు. ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్, ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ పైలట్స్ ఢిల్లీ హైకోర్టులో గట్టిగా నిలబడ్డాయి. ఈసారి ఫలితం వేరు. 2025లో డీజీసీఏ కోర్టుకు ఒక కాలపట్టిక ఇచ్చింది: 22 అంశాల్లో 15 జూలై 1 నుంచి, రాత్రి ల్యాండింగులు సహా మిగతావి నవంబర్ 1 నుంచి.

కోర్టులో గెలిచారు కదా, ఇక అంతా సవ్యమనుకుంటే పొరపాటు. నిబంధన అమలు కావాలంటే గంటలు తగ్గించినంత మేరకు మనుషులు పెరగాలి. కెప్టెన్ బజారులో దొరికే సరుకు కాదు. కోపైలట్‌గా కొన్నేళ్లు, కొన్ని వేల గంటలు నడిపి, సిమ్యులేటర్ పరీక్షలు దాటితే గానీ ఎడమ సీటులో కూర్చోలేడు. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారదామన్నా 2017 ఆగస్టులో వచ్చిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది ముందు, కోపైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అప్పుడు ఆ శాఖ మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజు. పైలట్లు దాన్ని వెట్టిచాకిరీ అన్నారు, సంస్థలు ప్రయాణికుల ప్రయోజనం అన్నాయి. పైలట్ వెళ్లిపోకుండా కట్టడి చేసే నిబంధన చప్పున అమలైంది. పైలట్‌ను పడుకోనిచ్చే నిబంధన పదే పదే ఆగింది. రెండూ ఒకే కార్యాలయం నుంచే వచ్చాయి.

సంస్థల వాదనలో పస లేదని కొట్టిపారేయను. మన దేశపు రాత్రి ల్యాండింగుల ఆంక్ష యూరప్‌లో కంటే గట్టిదని వాళ్లు అంటారు, కొంత నిజమే. మన పెద్ద విమానాశ్రయాల్లో పగటి స్లాట్లు నిండిపోయాయి, రాత్రి తిప్పకపోతే టికెట్ ధర పెరుగుతుంది. ఆ పెంపు ముందుగా పడేది నెల జీతం ముందే లెక్కపెట్టుకుని టికెట్ కొనే గల్ఫ్ కార్మికుడి మీదే. ఇది కూడా నిజం. అందుకే ఈ విషయంలో పైలట్ల పక్షం, ప్రయాణికుల పక్షం అని రెండే గీయడం నాకు నచ్చదు. చౌక టికెట్టూ కావాలి, మెలకువగా ఉన్న పైలట్టూ కావాలి. రెండింటి మధ్య తేడా ఎవరు భరించాలన్నదే అసలు తగవు. అది సంస్థ లాభంలోంచి పోవాలా, టికెట్‌లోంచి పోవాలా, పైలట్ నిద్రలోంచి పోవాలా? ఇన్నేళ్లూ మూడో చోటు నుంచే తీశారు, ఎందుకంటే అది ఎవరి బిల్లులోనూ కనపడదు.

2025 నవంబర్ 1 వచ్చింది. దానికి వారం ముందే, అక్టోబర్ 26న, శీతాకాలపు విమానాల పట్టిక మొదలైంది. దేశీయ ప్రయాణికుల్లో సుమారు 65 శాతాన్ని మోసే ఇండిగోకు డీజీసీఏ వారానికి 15,014 సర్వీసులు నడుపుకోమంది. ఎండాకాలపు పట్టిక కంటే అది ఆరు శాతం ఎక్కువ. పైలట్ల గంటలు తగ్గే రోజున అదే నియంత్రణ సంస్థ విమానాలు పెంచుకోమని ముద్ర వేసింది. పెంచుకున్నన్ని నడపడానికి ఆ సంస్థ దగ్గర విమానాలే లేవని తర్వాత డీజీసీఏ స్వయంగా రాసింది: 403 విమానాల లెక్కతో పట్టికకు అనుమతి తీసుకుని, అక్టోబర్‌లో 339, నవంబర్‌లో 344 మాత్రమే తిప్పగలిగారట. విమానాలే చాలనిచోట పైలట్లు చాలుతారా అని పట్టిక ఆమోదించిన రోజున అడిగినవాళ్లు లేరు.

డిసెంబర్ మొదటి వారంలో అది బద్దలైంది. మూడు నుంచి ఐదు వరకు మూడు రోజుల్లో 2,507 సర్వీసులు రద్దయ్యాయి, 1,852 ఆలస్యమయ్యాయి. మూడు లక్షల మందికి పైగా దారిలో ఇరుక్కున్నారు. శంషాబాద్‌లో కొచ్చి విమానం గంటల తరబడి రాకపోవడంతో ఇరుముడితో వచ్చిన అయ్యప్ప మాలధారులు బోర్డింగ్ గేటు దగ్గరే ధర్నాకు దిగారు. నలభై ఒక్క రోజుల దీక్షలో కోపం కూడదని నియమం, దాన్ని కూడా ఆ రాత్రి విమాన సంస్థ పరీక్షించింది. దేశీయ టికెట్లు ఆకాశానికి పోతే డిసెంబర్ 6న కేంద్రం దూరాన్ని బట్టి 7,500 నుంచి 18,000 రూపాయల దాకా గరిష్ఠ ధరలు పెట్టింది. ఈ కట్టడి దేశం లోపలికే, దుబాయి, మస్కట్, దోహా టికెట్లకు వర్తించలేదు. ముంబై మీదుగా మస్కట్ పోవాల్సినవాడికి మొదటి సగం ప్రయాణం మీద కొంత ఊరట, మిగతా సగం వాడి అదృష్టం.

బాగా నష్టపోయిన వాళ్లకు ఇండిగో పదివేల రూపాయల వోచర్ ప్రకటించింది, ఏడాదిలోపు వాడుకోవాలి. రెండేళ్లకోసారి ఇంటికొచ్చే మనిషికి ఏడాది గడువున్న వోచర్ ఇవ్వడం ఎవరి ఆలోచనో గానీ, అది గల్ఫ్ ఊళ్ల సంగతి తెలిసినవాడిది మాత్రం కాదు.

శాఖ మంత్రి ఈసారి కూడా తెలుగువారే, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. తప్పు ఇండిగో లోపలి సిబ్బంది ప్రణాళికలో ఉందని ఆయన రాజ్యసభలో అన్నారు. నిజమే అన్నారు. కానీ డిసెంబర్ 5నే డీజీసీఏ రెండు అడుగులు వెనక్కి వేసింది. పైలట్ పెట్టుకున్న సెలవును వారపు విశ్రాంతి కింద జమ కట్టకూడదన్న నిబంధనను ఉపసంహరించుకుంది. ఇండిగో ఏ320 విమానాలకు రాత్రి వేళ నిర్వచనం, రాత్రి ల్యాండింగుల ఆంక్షల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. గల్ఫ్‌కు చీకట్లో తిరిగేవి ఎక్కువగా ఆ రకం విమానాలే. నిబంధన ఏ గంటలను కాపాడాలని పుట్టిందో, ఆ గంటలకే మినహాయింపు దొరికింది.

పైలట్ల స్పందన ఊహించదగ్గదే. తప్పు చేసిన సంస్థకే బహుమానం ఇచ్చారని సంఘాలు అన్నాయి. రెండేళ్ల వ్యవధి ఉన్నా నియామకాలు ఆపేశారని, పైలట్లను ఒకరి నుంచి ఒకరు తీసుకోకుండా సంస్థలు కుమ్మక్కయ్యాయని ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ పైలట్స్ ఆరోపించింది. సంస్థ పరిస్థితిని కావాలనే ముదరనిచ్చిందా అన్న అనుమానం కూడా బయట వినపడింది. నాకు ఆ కుట్ర సిద్ధాంతం మీద నమ్మకం లేదు. గుడ్డిగా పట్టిక నింపుకున్న లోభం చాలు ఇంత జరగడానికి. కానీ విమానాశ్రయంలో చిక్కుకున్న జనానికి మొదటి రోజుల్లో వినపడింది ఒకటే మాట: పైలట్ల కొత్త నిబంధనల వల్ల విమానాలు రద్దు. రెండు మూడు రోజుల్లోనే, విశ్రాంతి అడిగినవాడు దోషిలా నిలబడ్డాడు.

పైలట్లలోనూ తప్పులున్నాయి. జీతం తగవు, అలసట తగవు రెండూ కలిపి వండే అలవాటు వాళ్లకుంది. 2024 వసంతంలో విస్తారా పైలట్లు మూకుమ్మడిగా అస్వస్థులమని సెలవు పెట్టినప్పుడు అసలు గొడవ కొత్త జీతాల ఒప్పందం, 70 గంటలకు హామీ ఉన్న జీతం 40 గంటలకు తగ్గడం. విశ్రాంతి కోసమని చెప్పింది తర్వాత. ఇలాంటివి జరిగినప్పుడల్లా నిజంగా అలసిపోయిన పైలట్ మాట విలువ తగ్గుతుంది. 2023 ఆగస్టులో నాగపూర్ విమానాశ్రయంలో ఒక కెప్టెన్ విమానం ఎక్కే గేటు దగ్గరే కూలి చనిపోయినప్పుడు, అంతకుముందు తగినంత విశ్రాంతి ఇచ్చామని సంస్థ అంటే, పైలట్ల సంఘాలు రోస్టర్ల వైపు వేలు చూపించాయి. ఒక మనిషి చావుకు కారణం రోస్టరేనని ఎవరూ నిరూపించలేదు. అయినా ఆ తర్వాతి నెలల్లో చర్చకు పదును వచ్చింది, నాలుగైదు నెలలకు కొత్త నిబంధన వచ్చింది.

బయటి దేశాల్లోనూ ఇదే దారి. అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ విమానం పడి యాభై మంది చనిపోయాక, బాధిత కుటుంబాలు ఏళ్ల తరబడి వెంటపడితే 2014 జనవరిలో కొత్త డ్యూటీ నిబంధనలు అమలయ్యాయి. అందులోనూ సరుకు రవాణా విమానాలను వదిలేశారు. ఖర్చు ఎక్కువ, ప్రాణాలు తక్కువ అన్న లెక్క. సరుకు విమానం ఎక్కువగా రాత్రే ఎగురుతుందని, అదీ ఊళ్ల మీదుగానే పోతుందని అక్కడి పైలట్లు ఎంత అరిచినా ఆ మినహాయింపు అట్లాగే ఉంది. యూరప్ 2016 నుంచి తన సొంత పట్టిక నడుపుతోంది, దాని మీదా అక్కడి పైలట్లు అసంతృప్తే. ఎక్కడ చూసినా మినహాయింపు దొరికేది గొంతు లేనిచోటే. అమెరికాలో అది సరుకు. మన దగ్గర అది రాత్రి విమానం. అందులో కూర్చున్నది వీసా, అప్పు, ఇంటి లెక్కల్లో మునిగి, పైలట్ ఎన్ని గంటలు పడుకున్నాడో అడిగే ఆలోచనే లేని మనిషి.

2026 జనవరిలో డీజీసీఏ ఇండిగోకు 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అంతకుముందు సర్వీసులు పది శాతం తగ్గించమని పౌర విమానయాన శాఖ ఆదేశించింది. తనిఖీలో వెనకబడ్డారని డీజీసీఏ తన సొంత ఇన్‌స్పెక్టర్లు నలుగురిని తీసేసింది. ఆ నలుగురు పట్టిక ఆమోదించిన పెద్దలు కారు. ఇంతకన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకా రావాల్సిన ఒక చిన్న మార్పు. ఇకపై ఏ సంస్థయినా కొత్త పట్టికకు అనుమతి అడిగితే, ఎన్ని విమానాలున్నాయని కాక, రాత్రి వేళలు లెక్కగట్టి ఎంతమంది కెప్టెన్లు, ఎంతమంది కోపైలట్లు ఉన్నారని ముందు చూపించాలి. చాలకపోతే పట్టిక తగ్గాలి, అదీ టికెట్లు అమ్మకముందే. మూడు నెలలకోసారి సంస్థలు ఇచ్చే అలసట నివేదికలను ప్రయాణికుడు చదవగలిగే చోట పెట్టాలి, ఏ సంస్థలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నింటిని ఒప్పుకున్నారో, ఎన్నింటిని తోసిపుచ్చారో. గల్ఫ్ టికెట్ కొనిచ్చే జగిత్యాల ఏజెంటు ఇప్పుడు సామాను ఎన్ని కిలోలని చెబుతాడు, విమానం నేరుగా పోతుందా లేదా చెబుతాడు. ఈ సంఖ్య కూడా అతని ఫోన్‌లో కనపడితే, కనీసం ఒకరిద్దరు ప్రయాణికులైనా అడగడం మొదలుపెడతారు.